ఏడో ట్యూబు

క్షయ పరీక్షల ల్యాబ్‌లో చేరబోయేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే. “మేడమ్, ఆ బ్యాక్టీరియా మనకి అంటుకోదా?”

అంటుకోవచ్చు. అందుకే గాలి బయటికి పోని గది, ముక్కు మీద గుర్తులు పడేంత బిగుతైన మాస్కు, పనిచేసేవాళ్లకి క్రమం తప్పకుండా పరీక్షలు. నేను 2001లో నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌కి దగ్గర్లో ఉన్న ఒక ల్యాబ్‌లో చేరి 2015లో రిటైరయ్యాను. ఆ పద్నాలుగేళ్లలో నాకేమీ అంటుకోలేదు. నా చేతుల మీదుగా ఒక మనిషికి లేని రోగం అంటగట్టాను. అదే రాస్తున్నాను. ల్యాబ్ పేరు చెప్పను, మనుషుల పేర్లు మార్చాను.

ఎదురుచూడటమే పని

నేను ఈ దేశానికి వచ్చేటప్పటికి పీహెచ్‌డీ ఉంది, తలకి ఎక్కిన పొగరు కూడా ఉంది. మందులకి లొంగని క్షయ మీద పరిశోధన చెయ్యాలని కోరిక. దొరికింది మాత్రం కళ్లె పరీక్షలు చేసే ఉద్యోగం. చుట్టుపక్కల కౌంటీల నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో కళ్లె వస్తుంది. దాన్ని శుభ్రం చేసి, ద్రవంలో వేసి, క్రిమి పెరుగుతుందా లేదా అని ఆరు వారాలు చూడాలి. మిగతా బ్యాక్టీరియా ఒక్క రోజులో పెరుగుతుంది. క్షయది నిదానం. ఈ రోజు చేసిన పొరపాటు నెలన్నర తర్వాత గానీ కంటికి కనిపించదు. అప్పటికి ఆ రోజు ఏం చేశామో మనకే గుర్తుండదు.

మా డైరెక్టర్ మార్గరెట్. అప్పటికే అరవై దగ్గర పడింది. నవ్వడం తక్కువ, గొంతు పెంచడం అసలు లేదు. చేరిన మొదటి వారం నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక పద్ధతి చూపించింది. కళ్లెని మందుతో పలచన చేశాక ప్రతి ట్యూబులోనూ బఫర్ అనే ఉప్పునీరు లాంటి ద్రావణం పోయాలి. దాన్ని ఒక పెద్ద సీసాలోంచి అన్నింటిలోకీ పోయకూడదు. ఒక్కో ట్యూబుకి ఒక్కో చిన్న సీసా, వాడాక పారెయ్యాలి. పెద్ద సీసా మూతి ఒక ట్యూబు అంచుకి తగిలితే, అందులోని క్రిమి ఆ మూతికి అంటుకుని పక్క ట్యూబులోకి వెళ్తుంది. అంతే, పక్క మనిషికీ క్షయ ఉన్నట్టు రిపోర్టు వెళ్తుంది.

“ఇది నీకు చాదస్తంగా కనిపిస్తుంది. కొన్నాళ్లకి చేయి తిరిగాక మరీ చాదస్తంగా కనిపిస్తుంది. జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే,” అంది.

ఆవిడ చెప్పింది నిజమైంది. అయిదేళ్లు తిరిగేసరికి కొత్తవాళ్లకి పని నేర్పించే సీనియర్‌ని నేనే అయ్యాను. ఈ పద్ధతిని అందరికీ నేర్పింది కూడా నేనే.

మంచు పడిన వారం

అది 2006 తర్వాత ఒక జనవరి. మా ఊళ్లకి మంచు అలవాటు లేదు, కొంచెం పడితే చాలు రోడ్లన్నీ మూసేస్తారు. ఆ వారం మంచు కాదు, గడ్డకట్టిన వాన. రెండు రోజులు ల్యాబ్ మూతపడింది. మూడో రోజు నేనొక్కదాన్నే రాగలిగాను. ఇద్దరు టెక్నీషియన్ల ఇళ్ల ముందు చెట్లు విరిగి పడ్డాయి. ఫ్రిజ్‌లో డబ్బాలు పేరుకుపోయాయి. కళ్లె ఎక్కువ రోజులు నిలవుంటే పరీక్షకి పనికిరాదు.

మధ్యాహ్నానికి చిన్న సీసాలు అయిపోయాయి. కొత్తవి తెచ్చే ట్రక్కు రాలేదు. బల్ల మీద ఇంకా ఒక వరస ట్యూబులున్నాయి. పెద్ద సీసా ఎదురుగా ఉంది.

పోశాను. మూతి ఎక్కడా తగలకుండా జాగ్రత్తగానే పోశాననుకున్నాను. ఆ రోజు ఒక్కదాన్నే అంత పని పూర్తి చేసినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. వర్క్‌షీట్ మీద నా పొడి అక్షరాలు వేసి ఇంటికి వెళ్లాను.

ఆ వరసలో ఆరో ట్యూబు డౌన్‌టౌన్‌లో ఇళ్లు లేనివాళ్లుండే షెల్టర్ నుంచి వచ్చిన ఒకాయనది. మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే అందులో క్రిములు కుప్పలుగా ఉన్నాయి. ఏడో ట్యూబు ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. అందులో ఏమీ కనిపించలేదు.

అయిదు వారాలు దాటాక, ఇక నెగెటివ్ అని మూసెయ్యబోతుంటే, ఏడో ట్యూబులో క్రిమి పెరిగినట్టు మెషిన్ చూపించింది. అదే మనిషి వేరే రోజుల్లో ఇచ్చిన మరి రెండు డబ్బాల్లో ఏమీ పెరగలేదు. మూడింటిలో ఒకటే పాజిటివ్, అదీ అంత ఆలస్యంగా. ఇలా వస్తే ఆగి, అదే రోజు పక్కన ఏ ట్యూబులున్నాయో చూడాలని కొత్తవాళ్లకి నేనే చెప్తాను. ఆ రోజు నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో నిజాయితీగా రాస్తాను. పేషెంట్ పుట్టిన దేశం అన్న గడిలో ఇండియా అని ఉంది. మన దేశం మనిషి, ముసలాయన, దగ్గు. ఇంకేముంటుంది, క్షయే. అలా అనుకుని సంతకం పెట్టాను.

పెద్ద సీసా ఎత్తడం ఒక తప్పు. అది ఒత్తిడిలో చేసింది. ఈ రెండోది ప్రశాంతంగా, కుర్చీలో కూర్చుని చేసింది. నా లెక్కలో ఇదే పెద్దది.

ఫోన్‌లో తెలుగు

మే నెల చివర, ఒక సోమవారం ఉదయం కౌంటీ ఆరోగ్యశాఖ నర్సు డెనీస్ ఫోన్ చేసింది. క్షయ పేషెంట్ల ఇళ్లకి వెళ్లి, మాత్రలు తన కళ్లముందే మింగించి రావడం ఆమె పని. మేమిద్దరం ఫోన్‌లో చాలా ఏళ్లుగా ఎరుగుదుం.

“శ్యామలా, నువ్వు తెలుగే కదా? నా పేషెంట్ ఒకాయనకి ఇంగ్లీష్ రాదు. కొడుకు ఆఫీస్‌కి వెళ్లాడు. ఇంటర్‌ప్రిటర్ లైన్‌లో తెలుగు మనిషి దొరకలేదు. నువ్వు మాట్లాడితే సరేనని ఆయన ఒప్పుకున్నాడు. పది నిమిషాలు సాయం చేస్తావా?”

ఒప్పుకున్నాను. అప్పటికి కొన్నేళ్లుగా ప్రతి క్షయ క్రిమికీ వేలిముద్ర లాంటి జన్యు పరీక్ష చేస్తున్నారు. ఇద్దరు మనుషుల క్రిములు ఒకేలా ఉంటే ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చిందని అర్థం. ఈ పెద్దాయన క్రిమీ, షెల్టర్‌లో ఉండే ఒకాయన క్రిమీ అచ్చం ఒకటే అని తేలింది. ఆ ఇద్దరూ ఎక్కడ కలిశారో కనిపెట్టమని డెనీస్‌ పైఅధికారి పట్టుబట్టాడు.

ఆయన పేరు నర్సయ్య. సూర్యాపేట వైపు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కోడలి కాన్పుకని భార్యతో కలిసి వచ్చారు. డెనీస్ అడగమన్నవి నేను తెలుగులో అడిగాను. డౌన్‌టౌన్‌కి ఎప్పుడైనా వెళ్లారా?

“నేను యాడికి పోతనమ్మా? నాకు బండి రాదు, భాష రాదు. గుడికి రెండుమాట్లు తీస్కపోయిండు కొడుకు. గంతే.”

షెల్టర్‌లో ఎవరితోనైనా పరిచయం ఉందా? ఎవరితోనైనా కలిసి తాగారా?



“నాకు తాగుడు అలవాటు లేదు. ఎవరమ్మా గా మనిషి? అందరూ గదే అడుగుతుండ్రు. నా కొడుకు కూడ మొన్న అడిగిండు, బాపూ నాకు దాయకుండ చెప్పు అని. నేనేం దాస్త?”

ఇంకా చెప్పుకుపోయారు. రోగం అనగానే కొడుకు తాముండే కాంప్లెక్స్‌లోనే ఖాళీగా ఉన్న ఒక స్నేహితుడి అపార్ట్‌మెంట్‌లో ఆయన్ని ఒంటరిగా ఉంచాడు. మనవరాలు పుట్టింది. కొన్ని వారాల మందు తర్వాత ఇక అంటదని డెనీస్ ఎంత చెప్పినా కోడలికి ధైర్యం చాలలేదు. పాపను కిటికీ అవతల నుంచి చూపిస్తున్నారు. భార్య అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తుంది. కబురు సూర్యాపేట దాకా పాకింది. తమ్ముడు ఫోన్ చేసి, ఇల్లంతా సున్నం వేయిస్తున్నామని చెప్పాడట.

“మాత్రలు మింగితె మూత్రం ఎర్రగ వస్తది. అన్నం సయిస్తలేదు. అయినా మింగుతున్న. కని గా మనిషిని నేను చూడలే. నువ్వన్న నమ్ము తల్లీ.”

నేను నమ్మాను. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. ఆ షెల్టర్ మనిషిని కలవలేదు. మరి ఆ ఇద్దరి క్రిమీ కలిసింది ఎక్కడ? ఫోన్ పెట్టేశాను. లేచి జనవరి వర్క్‌షీట్లున్న బైండర్ తీశాను. ఆరు, ఏడు. పక్కపక్కన. కింద నా పొడి అక్షరాలు.

మూడు రోజులు

అప్పుడే మార్గరెట్ గదిలోకి వెళ్లి చెప్పాను అని రాయగలిగితే బాగుండేది. వెళ్లలేదు. సోమవారం మధ్యాహ్నమంతా అది నిజం కాకుండా ఉండే దారులు వెతికాను. డెనీస్ చెప్పినట్టు ఆయనకి పాత ఎక్స్‌రేలో మచ్చ ఉంది కదా. గుడిలో ఎవరైనా దగ్గి ఉండొచ్చు కదా. జన్యు పరీక్ష చేసినవాళ్లే పొరబడి ఉండొచ్చు కదా.

డెనీస్ రోజూ ఉదయం పది గంటలకి మాత్రలతో వెళ్తుందని నాకు తెలుసు. మంగళవారం పదింటికి గడియారం చూశాను. మింగుతుంటారు అనుకున్నాను. తల వంచుకుని పని చేసుకున్నాను. బుధవారం పదింటికి కూడా అంతే. ఆ రెండు రోజుల మాత్రలు సీసా వల్ల మింగినవి కావు, తెలిసీ నోరు మూసుకున్న నా వల్ల మింగినవి.

బుధవారం మధ్యాహ్నం డెనీస్ మళ్లీ ఫోన్ చేసింది. ఆయన కళ్లు పచ్చగా అనిపించాయట. రక్తం తీసి పంపింది.

“లివర్ దెబ్బతింటే కొన్నాళ్లు ఆపి, వేరే మందులతో కోర్సు పొడిగిస్తారు. వచ్చింది విజిటర్ వీసా మీద. కొడుకేమో ఎక్స్‌టెన్షన్ వస్తుందా అని కంగారు పడుతున్నాడు. అన్నట్టు, ఆ షెల్టర్ సంగతి ఇంకేమైనా తట్టిందా నీకు?”

“రేపు చెప్తాను,” అన్నాను. ఆ మాట అన్నాక ఇక తప్పించుకునే దారి లేదు. అందుకే అన్నానేమో కూడా.

మార్గరెట్ గది

గురువారం ఎనిమిదిన్నరకి ఆవిడ తలుపు తట్టాను. వర్క్‌షీట్ బల్ల మీద పెట్టి, పెద్ద సీసా సంగతి, రిపోర్టు సంగతి, మూడు రోజుల సంగతి వరసగా చెప్పాను. మార్గరెట్ కాగితాన్ని చాలాసేపు చూసింది. అరవలేదు. అరిస్తే తేలికగా ఉండేది.

“ఒకవేళ నువ్వు అనుకుంటున్నది తప్పయితే?” అంది చివరికి. “ఆయనకి నిజంగా క్షయ ఉండి, మనం మందు మధ్యలో ఆపిస్తే? క్రిమి మొండికెత్తుతుంది. మళ్లీ ఆ మందులు పనిచెయ్యవు. నాకు వారం రోజులు కావాలి. దాచిన శాంపిల్ మళ్లీ పరీక్ష చేయిస్తాను. ఆ రోజు ట్యూబులన్నీ చూడాలి. రుజువయ్యాక చెబుదాం.”

ఆవిడ భయపడి అన్న మాట కాదు అది. శాస్త్రం ప్రకారం సరైన ప్రశ్నే. గోడ మీద గడియారం తొమ్మిది దాటింది.

“మందు ఆపాలా వద్దా అన్నది మనం తేల్చక్కర్లేదు,” అన్నాను. “అది ఆయన డాక్టర్ తేల్చుకుంటాడు. కానీ డాక్టర్ దగ్గరున్నది మన రిపోర్టు ఒక్కటే. దాని మీద మనకి అనుమానం ఉందన్న సంగతి ఆయనకి తెలియదు. తెలియకుండా వారం రోజులు ఆయన చేత మాత్రలు రాయించడం నా వల్ల కాదు.”

“నువ్వు నన్ను దాటి ఫోన్ చేస్తే అది రూల్స్‌కి విరుద్ధం.”

“తెలుసు. పదింటి లోపల మీరు చెయ్యకపోతే నేను చేస్తాను.”

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పద్ధతి తెలిసిన మనిషి, పద్ధతే ప్రాణంగా బతికిన మనిషి. నన్ను అప్పుడే సస్పెండ్ చెయ్యొచ్చు. కాసేపటికి ఫోన్ తన వైపు లాక్కుని డాక్టర్ నంబర్ నొక్కింది. స్పీకర్ ఆన్ చేసి, “నేను మొదలుపెడతాను, సీసా దగ్గర నుంచి నువ్వు చెప్పు,” అంది.

డాక్టర్ అంతా విన్నాడు. రక్తపరీక్ష ఫలితం ఆయన ముందే ఉంది. లివర్ బాగా దెబ్బతింది, ఎలాగూ ఆ రోజు మందులు ఆపించబోతున్నానన్నాడు. నేను చెప్పింది విన్నాక, వేరే మందులు మొదలుపెట్టనని, కొత్తగా కళ్లె, ఎక్స్‌రే తీయిస్తానని అన్నాడు. పది కొట్టడానికి పావుగంట ముందు డెనీస్‌కి కబురు వెళ్లింది. ఆమె అప్పటికే వాళ్ల కాంప్లెక్స్ పార్కింగ్‌లో ఉంది.

తర్వాతి వారాల్లో అన్నీ నెగెటివ్ వచ్చాయి. ఎక్స్‌రేలో మచ్చ చిన్నప్పటి నిమోనియాది, అణువంత కూడా మారలేదు. డాక్టర్ బీపీ మాత్ర మార్చాక దగ్గు పోయింది. పాత బీపీ మాత్రే ఆ దగ్గుకి కారణం.

నన్ను ఆరు నెలలు బల్ల దగ్గరికి రానివ్వలేదు. న్యాయమే. ఆ ఆరు నెలలూ పాత బైండర్లు తిరగేశాను. మూడింటిలో ఒక్కటే, అదీ ఆలస్యంగా పాజిటివ్ వచ్చిన ట్యూబుల పక్కన ఏమున్నాయో చూస్తూ కూర్చున్నాను. రిటైరయ్యేదాకా నా పరిశోధన అదే అయింది. ఎప్పుడో కోరుకున్న మొండి క్షయ మీద నేను ఒక్క పేపరూ రాయలేదు. ల్యాబ్‌లు తమ తప్పును తామే పట్టుకోవడం ఎలా అన్నదాని మీద రాశాను. పెద్ద పత్రికలేవీ వెయ్యలేదు. రెండు మూడు ల్యాబ్‌లు మాత్రం చదివి తమ పద్ధతి మార్చుకున్నాయి. అది చాలనుకున్నాను.

ఉత్తరం

ల్యాబ్ తరఫున నర్సయ్యగారికి ఒక ఉత్తరం వెళ్లింది. లాయర్లు చూసి సరిదిద్దిన ఇంగ్లీష్. నేను స్వయంగా వెళ్లి చెప్తానంటే వద్దన్నారు. మార్గరెట్ మాత్రం, “నేను వినలేదు,” అని తల తిప్పుకుంది. ఒక శనివారం ఉదయం డెనీస్‌తో కలిసి వెళ్లాను.

కొడుకు కిరణ్ తలుపు తీశాడు. నేనెవరో చెప్పగానే మొహం గట్టిపడింది.

“మేడమ్, మీకు తెలుసా మేము ఏం ఫేస్ చేసినమో? నేను మా బాపును డౌట్ పడిన. మొహం మీద అడిగిన, యాడ తిరిగి వచ్చినవ్ అని. ఆ మాట నేనెట్ల వాపస్ తీసుకోవాలె?”

నర్సయ్యగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కళ్లలో పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. ఫోన్‌లో విన్న గొంతుకి అంత చిన్న మనిషి ఉంటారని అనుకోలేదు. జరిగింది మొదటి నుంచి చెప్పాను. మంచు, చిన్న సీసాలు, పెద్ద సీసా, ఇండియా అన్న గడి, మూడు రోజులు.

“అంటే ఆ దినం ఫోన్‌ల నువ్వు నన్ను అడిగినవు గదా, తాగినవా అని. అప్పటికి నీకు తెలుసా?”

“తెలియదండీ. మీతో మాట్లాడాకే తెలిసింది.”

ఆయన కొడుకు వైపు తిరిగి ల్యాబ్ ఉత్తరం తెమ్మన్నారు. “దీంట్ల ఏం రాసిండ్రో తెలుగుల చెప్పు.”

కిరణ్ చదివి చెప్పాడు. పరీక్షా ప్రక్రియలో ఒక పొరపాటు జరిగినట్టు గుర్తించాం, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.

“జరిగినట్టా?” అన్నారు నర్సయ్యగారు. “మా డిపోల బస్సు బ్రేకు పట్టక గుద్దితే, బ్రేకు ఫెయిలయిందని రాస్తె మా ఫోర్‌మన్ చింపి పారేస్తుండె. ఆ బండి ఎవరు చూసిండ్రు, ఏం చూడలే, పేరు రాయాలె. నాకు కాయిదం కావాలె. తెలుగుల. ఊర్ల చదివి వినిపిస్త.”

డెనీస్ తన నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. ల్యాబ్ లాయర్లు చూస్తే ఏమంటారో నాకు తెలుసు. రాశాను. నర్సయ్యగారికి క్షయ లేదు, ఎప్పుడూ రాలేదు, పరీక్షలో పొరపాటు వల్ల అలా రిపోర్టు వచ్చింది. ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి తిరిగి నా చేతికిచ్చారు.

“గిది గూడ గట్లనే ఉంది.”

ఇంకో కాగితం తీసుకున్నాను. చుండూరి శ్యామల అను నేను, వాడకూడని సీసాతో పోసి, నర్సయ్యగారి ట్యూబులోకి వేరే మనిషి క్రిమి పోనిచ్చాను. ఆగి చూడాల్సిన చోట చూడకుండా సంతకం పెట్టాను. ఆయనకి క్షయ లేదు. తెలుగులో అలాంటి వాక్యం నేను అంతకు ముందెప్పుడూ రాయలేదు. పెన్ను రెండుసార్లు ఆగింది.

ఆయన మళ్లీ చదివారు. ఈసారి కాగితం తిరిగివ్వలేదు. కిరణ్‌ని సూర్యాపేటకి ఫోన్ కలపమన్నారు. అక్కడ సాయంత్రం, తమ్ముడింట్లో టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు తగ్గించమని చెప్పి, కాగితం కళ్లకి దగ్గరగా పట్టుకుని, నా ఇంటిపేరుతో సహా మొదటి నుంచి పైకి చదివారు. అటువైపు ఎవరో సరిగ్గా వినపడలేదన్నారు. ఆయన గొంతు సవరించుకుని, ఇంకా నిదానంగా, మళ్లీ మొదలుపెట్టారు.

ఆయన చదవడం పూర్తయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.